కుప్పం తొట్టిలో మగచేప

నేను మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే బల్ల. మా ల్యాబులో అద్దాల బీరువా ఒకటి ఉంది. అందులో పద్నాలుగు సముద్రపు చేపలు సీసాల్లో నిలబడి ఉంటాయి. నాకంటే ముందు పనిచేసినవాళ్ళు ఎవరో విహారయాత్రకు పోయినప్పుడు తెచ్చారట. ఫార్మలిన్‌లో నానీ నానీ అన్నీ ఒకే రంగుకు, ఉతికి ఉతికి వెలిసిన పంచె రంగుకు వచ్చేశాయి. అన్నిటికీ నోళ్ళు తెరుచుకునే ఉంటాయి. సముద్రం కంటికి ఆనని ఈ ఊళ్ళో చేపల గురించి నన్ను మించినవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం. నన్ను అడిగేవాళ్ళు లేకపోవడం వల్లే ఆ నమ్మకం అంత గట్టిపడిందని ఇప్పుడు అనిపిస్తోంది.

చేపల్లో సంతాన సంరక్షణ అని ఒక పాఠం ఉంది. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి నెమ్మదిగా, రెండుసార్లు చెప్పి రాయిస్తాను. అందులో కార్డినల్ చేప గురించి నాలుగు వాక్యాలు. బొటనవేలంత చేప. వెచ్చని సముద్రాల్లో, ఒడ్డు దగ్గర, లోతులేని నీళ్ళలో ఉంటుంది. ఆడది గుడ్లు పెట్టి మగదానికి అప్పగిస్తుంది. మగది వాటిని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, అన్ని రోజులూ ఆహారం ముట్టదు. ఈ నాలుగో వాక్యానికి వెనక బెంచీల్లో ఏటా నవ్వులు వస్తాయి. ఒక ఏడు ఒకమ్మాయి లేచి, "మరి ఆకలైతే మింగేయదా మేడమ్?" అని అడిగింది. అది సిలబస్‌లో లేదని చెప్పి కూర్చోబెట్టాను. మింగేస్తుంది, అప్పుడప్పుడు. ఆ సంగతి నాకు ఆ రోజు తెలీదు. తెలీదని చెప్పడం కంటే సిలబస్ మీద తోసేయడం మాకు అలవాటు.

నా చెల్లెలు కుప్పంలో నర్సు. ఆమె మొగుడు బెంగుళూరులో గార్మెంట్స్‌లో సూపర్వైజరు. తెల్లవారకముందే రైలెక్కి, చీకటి పడ్డాక దిగేవాడు. బిడ్డ పుట్టి, చెల్లెలి సెలవు అయిపోయాక, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, అతను ఉద్యోగం మానేశాడు. ఆడబిడ్డ, అప్పటికి ఆరు నెలలది. స్నానం, ఉగ్గు, నిద్ర, ఉతుకులు అన్నీ అతనే. మిగిలిన కాస్త పొద్దులో చేపల తొట్లు కడిగిచ్చేవాడు, అమ్మేవాడు. ఆ ఇద్దరికీ ఇందులో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది అంతా పుంగనూరులో ఉండే మా అమ్మకు.

పుంగనూరులో మా అమ్మ వీధి ఎట్లాంటిదంటే, పాలు పొయ్యడానికి వచ్చిన మనిషి కూడా అల్లుడేం చేస్తాండాడని అడిగి గానీ చెంబు చేతికి తీసుకోదు. మా అమ్మ నాలుగు నెలలు వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి నెట్టుకొచ్చింది. ఆ మాట ఆమెకు నేర్పింది నేనే. బట్టలు కుట్టించే కంపెనీ సూపర్వైజరు ఇంట్లో కూర్చుని ఎవరిచేత కుట్టిస్తాడని వీధిలో ఒక్కరూ అడగలేదు. వ్యవహారం చెడగొట్టింది మా మేనమామ. ఏదో పెళ్ళికి కుప్పం పోయి, మేడ మీద అల్లుడు బిడ్డ గుడ్డలు ఆరేస్తూ పాట పాడుతుంటే చూసి వచ్చాడు. గుడ్డలు ఆరేసినందుకు కాదు, పాడినందుకు మా అమ్మకు ఎక్కువ కోపం వచ్చింది.

మా మేనమామ గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు ముగ్గురు పిల్లలు. ఆ ముగ్గుర్లో ఎవరికి ఏ మందు పడదో, ఎవరు ఏ క్లాసు తప్పారో ఆయనకు ఇప్పటికీ తెలీదు. బిడ్డల పెంపకం గురించి మా వంశంలో ఎవరికి అనుమానం వచ్చినా ఆయన్నే అడుగుతారు.

అట్లా ఒక ఆదివారం మేం ముగ్గురం కుప్పానికి బయల్దేరాం. నేను మదనపల్లెలో తొలి బస్సెక్కి పుంగనూరులో దిగి, అమ్మనూ మామనూ కలుపుకున్నాను. పని ఏమిటో దారిలోనే తేల్చుకున్నాం: బిడ్డను పుంగనూరుకు తెచ్చేసుకోవాలి, అల్లుడు మళ్ళీ రైలెక్కాలి. మాట ఎవరు తీయాలంటే నేనే. చదువుకున్నదాన్ని కాబట్టి. మా ఇళ్ళల్లో ఎవరిదైనా బతుకు తలకిందులు చెయ్యాలంటే ముందు చదువుకున్నవాళ్ళ చేత చెప్పిస్తారు.

మేం పోయేసరికి చెల్లెలు డ్యూటీలో ఉంది, రెండింటికి గానీ రాదు. మరిది బిడ్డను చంకలో వేసుకునే కాఫీ కలిపాడు. హాల్లో గోడవారగా పెద్ద అద్దాల తొట్టి ఉంది. బెంగుళూరులో ఏదో హోటల్ మూసేస్తుంటే తెచ్చుకున్నాడట. లోపల ఉప్పునీళ్ళు, రాళ్ళు, అడుగున ఇసుక. ఆ నీళ్ళకు ప్రత్యేకంగా ప్యాకెట్లలో ఉప్పు వస్తుందని, కొలిచి కలపాలని అతను చెప్తుంటే మామ అడ్డుపడ్డాడు.

"ప్యాకెట్లు యాలప్పా? నాలుగు గుప్పిళ్ళు కల్లుప్పు ఏస్తే సముద్రమే గదా."

మరిది నవ్వాడు. తొట్టిలో రెండే చేపలు. వెండి రంగు ఒంటి మీద నిలువుగా నల్ల పట్టీలు, పొడుగాటి రెక్కలు, కత్తెర తోక. వాటిని నేను గుర్తుపట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా నేను రాయిస్తున్న కార్డినల్ చేపలవి. పేరు అతనే చెప్పాడు. ఓహో అవేనా అన్నాను, ముందే తెలిసినట్టు.

ఒకటి రాయి పక్కన మూలకు పోయి నిలబడి ఉంది. గడ్డం కింద ఉబ్బు. నోరు బిగించి ఉంది. మా అమ్మ అద్దం మీద వేలితో కొట్టి, "ఇది యాల ఇట్లుండాది?" అంది. రెండు వారాలుగా ఏమీ తినలేదని మరిది చెప్పాడు. మా అమ్మ వెంటనే నా వైపు చూసింది. మామ కూడా చూశాడు. అంతసేపూ అసలు మాట ఎట్లా తీయాలా అని సతమతమవుతున్న నాకు, నాకు తెలిసిన విషయం ఒకటి ఎదురు రావడంతో ప్రాణం లేచొచ్చింది. కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాను. గొంతులో గడ్డ అన్నాను. పరాన్నజీవి పని అయ్యుంటుందని కూడా అన్నాను. మంచినీళ్ళలో కాసేపు ముంచి తీస్తే పోతుందని, ఎక్కడో చర్మం మీద పురుగుల గురించి చదివింది ఈ గొంతుకు తగిలించాను.

మరిది బిడ్డను ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

"వదినా, అది మగది. నోట్లో గుడ్లు పట్టుకోని ఉండాది. ఆడది సూడండి, దాని చుట్టే తిరగతా ఉండాది. ఇప్పుడు కదిలిస్తే కక్కేస్తాది."

అతను మెల్లగా చెప్పాడు. ఇంత మెల్లగా చెప్పేవాడికి ఏం తెలుస్తుందనుకున్నాను. "గుడ్లు పట్టుకునే చేపలు నాకు తెలీవా అప్పా? ఏటా నూరుమందికి చెప్తాండాను. గుడ్లుంటే దవడ ఇట్లుండదు" అన్నాను. గుడ్లుంటే దవడ ఎట్లుంటుందో నాకు తెలీదు. నా సీసాల్లో చేపలన్నీ నోరు తెరుచుకుని చచ్చినవే. ఆ వారమే నేను క్లాసులో మగచేప గుడ్లు నోట్లో పెట్టుకుంటుంది, ఆహారం ముట్టదు అని రెండుసార్లు రాయించి వచ్చాను. రాయించడానికీ, ఎదురుగా నిలబడిన చేపను చూడడానికీ మధ్య నాకు ఏ సంబంధమూ తట్టలేదు.

"సదువుకున్నోళ్ళు సెప్తాంటే నువ్వు అడ్డం మాట్లాడతావేమప్పా" అన్నాడు మామ. మా అమ్మ అప్పటికే వంటింట్లోంచి స్టీలు గిన్నెలో నీళ్ళు తెచ్చింది. మరిది కదల్లేదు. వల అందుకున్నది నేనే. నాలుగుసార్లు తప్పించుకుని ఐదోసారి దొరికింది. గిన్నెలో వేశాను.

చేప ఒక్కసారి నోరు తెరిచింది. ముద్దలాగా ఏదో బయటపడింది. పచ్చజొన్న గింజలంత, నారింజ రంగువి, ఒకదానికొకటి అంటుకుని.

"కక్కేసింది సూడు రోగమంతా" అంది మా అమ్మ.

నేను వంగి చూశాను. ప్రతి గింజలోనూ రెండేసి చుక్కలు ఉన్నాయి. కళ్ళు. కొన్ని ఇంకా కదులుతున్నాయి. నేను చూస్తుండగానే ఆ మంచినీళ్ళలో అవి అంచుల నుంచి తెల్లబడసాగాయి. మరిది బిడ్డను చాప మీద కూర్చోబెట్టి వచ్చి, చేపను రెండు చేతుల్లోకి తీసుకుని మళ్ళీ తొట్టిలో వదిలాడు. తర్వాత గిన్నె చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. ఒక్క చూపు చూసినా నేను నిజం చెప్పేసేదాన్నేమో. ఇది కూడా నేను తప్పు అతని మీదికి నెట్టడమే.

మా అమ్మ అతని చేతిలో గిన్నె తీసుకుపోయి మేడమెట్ల పక్కన మిరపచెట్టు కుండీలో పోసి వచ్చింది. మామ నా వైపు తిరిగి, డాక్టర్లకు కూడా ఇంత చెయ్యి తిరగదన్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి, అయినా ఆ మెప్పును అట్లాగే మెడలో వేయించుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండు దాటాక చెల్లెలు వచ్చింది. యూనిఫారం కూడా మార్చుకోలేదు, తొట్టి వైపు చూసే తీరికా లేదు. మా అమ్మ మాట మొదలుపెట్టింది. నేను తీయాల్సిన మాట తీయడానికి ఆమెకు ఇప్పుడు నా అవసరం లేదు. చేప ఉంది.

"రెండు వారాలు అది తిండి తినకుంటే ఈ మనిషి సూస్తా కూసున్నాడు. రోగమని తెలిసిందా? అక్క వచ్చింది కాబట్టి బతికింది. రేపు బిడ్డకు ఏమన్నా అయితే ఇట్లే సూస్తా కూసుంటాడు. మూడు నెలలు నా దగ్గర ఉండనీ. ఈ లోగా ఆయప్ప పనిలో చేరతాడు."

చెల్లెలు మొగుడి వైపు చూసింది. అతను బిడ్డ నోటి చుట్టూ తుడుస్తున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"అక్కా, నువ్వేమంటావు?"

నేను సరే అంటే ఆమె సరే అంటుంది. చిన్నప్పట్నుంచీ అంతే, నర్సింగ్ చదవమన్నదీ నేనే, ఈ సంబంధం చూసిందీ నేనే. ఒక్క మాట చాలు. అవి గుడ్లు, చంపింది నేను, అతనికి అన్నీ తెలుసు. మూడు వాక్యాలు. పరీక్షకు నాలుగు రాయించేదాన్ని మూడు చెప్పలేకపోయాను. మామ ముందు, అమ్మ ముందు ఇరవై రెండేళ్ళ జంతుశాస్త్రం పోతుంది కదా. "పంపించవే, మూడు నెలలే కదా" అన్నాను.

అతను సంచి సర్దాడు. రాగి సరి పొడి ఒక డబ్బాలో, నెయ్యి చిన్న సీసాలో, జ్వరం మందు, మెత్తటి గుడ్డలు. సర్దుతూ నాతో, నాతోనే, చెప్పాడు: "వదినా, కండ్లు రుద్దుకుంటే నిద్ర. చెవి పట్టుకోని లాక్కుంటే ఆకలి. ఏడ్చేదాకా ఉండొద్దు, ఏడ్చినాక తినదు." చెల్లెలు లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

నాలుగు గంటల పలమనేరు బస్సు ఎక్కాం. బిడ్డ నా ఒళ్ళో ఉంది. పది నెలల పిల్ల. కిటికీలోంచి మేకలు కనబడినంతసేపూ బాగానే ఉంది. వి.కోట దగ్గరపడుతుండగా కుడి చెవి పట్టుకుని లాక్కోవడం మొదలుపెట్టింది.

"సెవి నొప్పి" అంది మా అమ్మ.

"గాలి కొట్టింది. ఎల్లుల్లిపాయ ఏసి కాచిన నూనె రెండు సుక్కలు సెవిలో పోస్తే పోతాది. ఈడ దిగి హోటల్లో నూనె కాయించుకుందాం" అన్నాడు మామ. ఆ మాట అంటూ బిడ్డ తలను పక్కకు వంచి చెవి లోపలికి చూస్తున్నాడు, చాలా తెలిసినవాడిలాగా. బిడ్డ బెదిరిపోయి నా మొహంలోకి చూసింది.

పొద్దున తొట్టి ముందు నేను ఎట్లా నిలబడి ఉంటానో అప్పుడు చూశాను. అదే వంగడం, అదే కనుబొమలు ముడవడం. మామ చేతిని నెట్టేసి, బస్సు వి.కోట బస్టాండులో పావుగంట ఆగుతుందనగానే దిగాను. అమ్మా, మామా నా వెనకే దిగారు. వేడినీళ్ళు అడిగి తెచ్చి, చెట్టు కింద అరుగు మీద కూర్చుని సంచిలోని రాగి సరి కలిపి పెట్టాను. గిన్నెడు తినేసింది. చెవి వదిలేసింది.

"ఆకలని నీకెట్ల తెలిసింది?" అంది మా అమ్మ.

"ఆయన చెప్పినాడు."

"ఎవురు?"

"నీ అల్లుడు." ఇంక ఆగలేదు, అంతా చెప్పేశాను. గొంతులో గడ్డ కాదని, ఆ చేప మగదని, దాని నోట్లో ఉన్నది పిల్లలని, పొదగడానికి రెండు వారాలు పస్తుండిందని, మిరపచెట్టు కుండీలో మా అమ్మ పోసింది వాటినేనని, ఇదంతా పొద్దునే అతను చెప్పినా నేను నోరు మూయించానని.

మా అమ్మ "మగది పస్తుంటాదా?" అంది. ఆమెకు అన్నిటికంటే అదే నమ్మశక్యం కాలేదు. మామ మాత్రం, చేపలకు మనుషులకు పోలికేందమ్మా, బస్సు పోతాంది ఎక్కండి అన్నాడు. మేం ఎక్కబోవడం లేదని అర్థమయ్యాక, పలమనేరు దాకా టికెట్టు తీసుకున్నానని గుర్తుచేసి, తానొక్కడే ఎక్కి కిటికీ సీట్లో కూర్చున్నాడు. పుంగనూరులో ఆయన ఏం చెప్తాడో ఊహించుకుని మా అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మేం ఇద్దరం రోడ్డు దాటి కుప్పం బస్సు కోసం నిలబడ్డాం.

తలుపు తీసింది చెల్లెలు. కళ్ళు వాచి ఉన్నాయి. బిడ్డను నా చేతుల్లోంచి లాక్కున్నంత పని చేసింది. మరిది తొట్టి ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. మా అమ్మ వినేలా, చెల్లెలు వినేలా చెప్పాను: అవి గుడ్లే, నువ్వు చెప్పినావు, చంపింది నేను.

"తెలుసు వదినా" అన్నాడు.

మా అమ్మ సోఫాలో కూలబడింది. తప్పు ఒప్పుకునే ఇంట్లో పుట్టింది కాదు ఆమె. "నువ్వన్నా గట్టిగా చెప్పాల్సింది గదా నాయనా. బిడ్డను ఎత్తుకోని పోతాంటే కూడా నోరెత్తకుండా సంచి సర్దిస్తివే" అంది.

"పొద్దున చెప్తిని గదా అత్తా. ఎవురన్నా విన్నారా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అతను లేచి తొట్టి మూత తీసి చిటికెడు మేత చల్లాడు. రెండు వారాలుగా దేన్నీ ముట్టని ఆ మగచేప మూలలోంచి వచ్చి, నోరు తెరిచి తినడం మొదలుపెట్టింది.